అబ్బులు తలపాగా, ఏడు మెట్ల నిచ్చెన

అనగనగా గోదారి గట్టున ఒక ఊళ్ళో, లోకంలోకెల్లా పొడుగాటి మనిషి ఉండేవాడట. పేరు అబ్బులు. లోకంలోకెల్లా పొడుగని ఎవరన్నారంటావా? ఇంకెవరు, అబ్బులే అన్నాడు.

"నా ఎత్తు పదహారు వందలు! ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వెతకండి, నా అంతవాడు దొరికితే నా తలపాగా తీసి వాడికి చుడతాను!" అని పొద్దున్నే వీధిలో నిలబడి అనేవాడు. అనేసి ఇంట్లోకి వెళ్ళిపోయేవాడు. ఆ గుమ్మం దాటాలంటే వాళ్ళావిడ పాపాయమ్మ తల వంచుకోవాలి. అబ్బులు మాత్రం ఎర్ర తలపాగాతో సహా నిటారుగా దాటేసేవాడు.

నవ్వకు కన్నా. అప్పుడే నవ్వితే చివర్లో నవ్వడానికి ఏం మిగులుతుంది?

ఆ ఊరి పేరు పూసలపాలెం. అక్కడ అందరూ కొయ్యబొమ్మలు చేసేవాళ్ళే. అంకుడు కర్రని చక్రానికి తగిలించి గిర్రున తిప్పుతారు. ఉలి ఆనించగానే చెక్క పొట్టు లేస్తుంది, అందులోంచి బుల్లి చిలకలు, బుల్లి గిన్నెలు, బుల్లి పూసలు పుట్టుకొస్తాయి. అన్నీ బుల్లివే. అందుకని ఆ ఊళ్ళో కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే. మిల్లీమీటరంటే చిన్న ఆవగింజంత అనుకో. తూకమైతే గ్రాముల్లో, నూనైతే మిల్లీలీటర్లలో.

కానీ చిత్రమేంటంటే, ఆ మాట ఎవరూ పైకి అనరు. అంకె చెప్పి ఊరుకుంటారు. "పూస ఎంత?" "ఎనిమిది." అంతే. ఎనిమిది ఏమిటని అడగడం ఆ ఊళ్ళో మహా తప్పు. "ఇన్నాళ్ళ నుంచీ ఉంటున్నావు, ఆమాత్రం తెలీదూ?" అని మూతి తిప్పుకుంటారు.

గోదారి మధ్యలో ఇంకో ఊరుంది. నావలలంక. అక్కడివాళ్ళు ఏనుగుల్ని ఎక్కించేటంత నావలు కడతారు. వాళ్ళకి పొడవంటే మీటర్లు, బరువంటే కిలోలు, నూనంటే లీటర్లు. వాళ్ళూ అంతే, అంకె చెప్పి ఊరుకుంటారు. "నావ ఎంత?" "పదిహేను." అడిగినవాడు ఇంకో మాట అడిగాడా, వాడికి ఆ పూట మంచినీళ్ళు కూడా పుట్టవు.

ఈ రెండు ఊళ్ళకీ పలకరింపులే తప్ప ఎప్పుడూ పని పడలేదు. ఆ ఏడు పడింది.

ఆ ఏడు ఎగువన వానలు దంచేశాయి. ఎర్రనీళ్ళు వస్తున్నాయని కబురొచ్చింది. ఎర్రనీళ్ళంటే వరద కన్నా. కొండల మట్టినంతా కలుపుకుని గోదారి కుంకుమ కలిపినట్టు వస్తుంది. ఆ నీళ్ళు లంకని ముంచేలోగా ఊరు ఊరంతా గట్టుకి చేరిపోవాలి. ఉన్న పడవలా, చిల్లుల జల్లెడలు. అందుకని నావలు కట్టే చుక్కమ్మ, లంకలో అందరికీ పెద్ద దిక్కు, పగలనకా రాత్రనకా ఒక పెద్ద నావ కట్టించింది. అన్నీ అయిపోయాయి. తెడ్లు మిగిలాయి. తెడ్డు కర్రలు నున్నగా తిప్పే ముసలాయన మంచం పట్టాడు.

అప్పుడు చుక్కమ్మ పాలేనికి కబురు పంపింది. "తమ్ముడూ అబ్బులూ, రెండు తెడ్లు కావాలి. పొడవు మూడు. మా ప్రాణాలు నీ చేతిలో ఉన్నాయి."

అబ్బులు మూడు అని విని గుటక వేశాడు. మూడు మిల్లీమీటర్ల తెడ్డు! అయినా వెనక్కి తగ్గుతాడా? ఊపిరి బిగబట్టి, కన్ను చికిలించి చేశాడు. ఎంత అందంగా వచ్చాయనుకున్నావు! పిడి ఉంది, రెక్క ఉంది, రెక్క మీద ఎర్ర లక్క మెరుగు కూడా ఉంది. రెండు తెడ్లనీ చిటికెనవేలి గోటి మీద పెట్టుకుని, చిల్లుల పడవెక్కి, లంకకి వెళ్ళాడు.

"ఏవయ్యా, తెడ్లేవి?" అంది చుక్కమ్మ.

అబ్బులు గర్వంగా వేలు చూపించాడు.

"వేలు బాగానే ఉంది. తెడ్లేవి?"

అందరూ వంగి చూశారు. వంగినవాళ్ళలో ఒకడికి ముక్కు దురద పెట్టింది. హాఛ్! ఒక తెడ్డు ఎటెళ్ళిందో ఆ గోదారి తల్లికే తెలియాలి.

"మూడంటే ఇదా?" అంది చుక్కమ్మ. "మూడంటే మూడేగా! కావలిస్తే కొలుచుకో అక్కా," అన్నాడు అబ్బులు. చుక్కమ్మ మిగిలిన ఆ ఒక్క తెడ్డునీ, అబ్బులునీ మార్చి మార్చి చూసింది. పాపం కర్ర లేక ఇలా చేశాడు కాబోలనుకుంది. "కర్ర మేం ఇస్తాంలే, ఎంత కావాలి?" అని అడిగింది.

అబ్బులు చక్రానికి మూడు వందల మిల్లీమీటర్ల కర్రకి మించి పట్టదు. "పొడవు మూడు వందలు చాలు," అని చెప్పి వచ్చేశాడు.

ఆ తర్వాత ఏమైందో చెప్పనా? ఒక పొద్దున పాలెంవాళ్ళు గట్టు మీదకి వచ్చి చూస్తే, గోదారి మీద దుంగ వస్తోంది. వస్తోంది. ఇంకా వస్తూనే ఉంది. దుంగకి దుంగ, ఆ దుంగకి ఇంకో దుంగ కట్టి, మూడు వందల మీటర్ల దుంగ! ముందు కొస రేవుకి తగిలింది, వెనక కొస ఇంకా ఏటి మధ్యలో మలుపు తిరుగుతోంది. మేకపిల్ల ఒకటి దాని మీదకెక్కి నడుచుకుంటూ పోయింది, పోయి పోయి చీమంత కనిపించింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. పెద్దలు ఇంకా పెద్దగా తెరిచారు.

"ఇది నా చక్రానికి ఎలా తగిలించను?" అన్నాడు అబ్బులు నీరసంగా. "ముందు ఊరిని తగిలించు, తర్వాత దుంగని తగిలిద్దువుగాని," అంది పాపాయమ్మ.

ఈసారి చుక్కమ్మ కబురులో తమ్ముడూ లేదు, అబ్బులూ లేదు. "తెడ్ల సంగతి అలా ఉంచు. నావ చెక్కల సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. గుగ్గిలం నూనెలో కాచి పూయాలి. గుగ్గిలం అయిదు, నూనె పది. తొందరగా తీసుకురా."

అబ్బులు గుగ్గిలం అయిదు గ్రాములు తూచి తమలపాకులో పొట్లం కట్టాడు. నూనె పది మిల్లీలీటర్లు ఒక బుల్లి గిన్నెలో పోశాడు. ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని లంకకి వెళ్ళాడు. ఈసారైనా మెచ్చుకుంటారని ఆశ.

చుక్కమ్మ తిట్టలేదు కన్నా. తిడితే బాగుండేది. పొట్లం చూసింది, గిన్నె చూసింది, నావ పక్కన నేల మీద కూలబడిపోయింది. అంత పెద్ద మనిషి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమె వెనకాల ఊరి జనం మూటలు కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని నిలబడి ఉన్నారు. రేవులో కింది మెట్టు దగ్గర నీళ్ళు ఎర్రబడుతున్నాయి.

అప్పుడు అబ్బులు ఎవరూ అడగని మాట అడిగాడు. తప్పని తెలిసే అడిగాడు.

"అక్కా, కోప్పడకు. నీ ఒకటి ఎంత? నాకు చూపించు."

అందరూ ఉలిక్కిపడ్డారు. చుక్కమ్మ కొంగు తీసి చూసింది. లేచి వెళ్ళి తన టేకు కొలకర్ర తెచ్చి నేల మీద పెట్టింది. "ఇదీ నా ఒకటి," అంది.

అబ్బులు మొలలోంచి తన ఇత్తడి కొలబద్ద తీశాడు. అరచెయ్యి వెడల్పంత ఉంటుంది, దాని మీద నూరు గీతలు. దాన్ని టేకు కర్ర పక్కన పెట్టాడు. ఇంకా కర్ర మిగిలింది. జరిపి పెట్టాడు. ఇంకా మిగిలింది. అలా పదిసార్లు జరిపితే గానీ కర్ర అవలేదు. పది నూర్లు!

"అక్కా! నీ ఒకటిలో నా వెయ్యి ఉన్నాయి!"

ఆ మాట అర్థమయ్యేసరికి చుక్కమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే నేను మూడడిగితే..."

"నీ మూడు నా మూడు వేలు. నా మూడు వందలు నాకు మూడు లక్షలుగా వచ్చాయి. మనం ఇన్నాళ్ళూ అంకెల్ని ఇంటిపేరు లేకుండా వీధుల్లో వదిలేశాం అక్కా. ఎవరింటి మూడు ఎవరింటికి పోతోందో!"

నావ ఎక్కడానికి ఆనించిన నిచ్చెన ఒకటి అక్కడే ఉంది. ఏడు మెట్లు. అబ్బులు మెడలోని పూసల దండ తెంపి, పూసలు చేతిలో పోసుకున్నాడు. తెల్లటి గుండ్రటి పూసలు, అచ్చం సున్నాల్లా ఉన్నాయి.

"కింది మెట్టు నాది, మిల్లీమీటరు," అన్నాడు. "పది మిల్లీమీటర్లు చేతులు పట్టుకుంటే రెండో మెట్టు, సెంటీమీటరు. చిటికెనవేలి గోరంత. పది సెంటీమీటర్లు కలిస్తే మూడో మెట్టు, డెసిమీటరు. నా కొలబద్దంత. పది డెసిమీటర్లు కలిస్తే నాలుగో మెట్టు, నీ మీటరు. ఆ పైన కూడా పదేసి చొప్పునే, డెకామీటరు, హెక్టామీటరు, అన్నిటి మీదా కిలోమీటరు. ఒక మెట్టు దిగితే అంకె పక్కన ఒక పూస పెట్టాలి. ఒక మెట్టు ఎక్కితే ఒక పూస తీసెయ్యాలి."

"మూడు మీటర్ల తెడ్డు," అంటూ నాలుగో మెట్టు మీద నిలబడి దిగాడు. ఒక పూస, ముప్ఫై డెసిమీటర్లు. రెండో పూస, మూడు వందల సెంటీమీటర్లు. మూడో పూస, మూడు వేల మిల్లీమీటర్లు. తెడ్డు అదే. కట్టెలో ఈనె ముక్క కూడా పెరగలేదు. పేరు మారింది, పూసలు చేరాయి.

అప్పుడు చుక్కమ్మ మెల్లిగా అడిగింది. "మరి ఈ ఏరు? లంక నుంచి మీ గట్టు దాకా ఒక కిలోమీటరు."

అబ్బులు పై మెట్టు దాకా ఎక్కాడు. అక్కణ్ణుంచి ఏరు మొత్తం కనిపించింది, ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఒక్కొక్క మెట్టే దిగుతూ ఒక్కొక్క పూస పెట్టాడు. ఆరు మెట్లు, ఆరు పూసలు. ఒకటి పక్కన ఆరు సున్నాలు. పది లక్షల మిల్లీమీటర్లు! చెయ్యి నోటి మీద పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ తను రోజూ చెక్కే ఆ ఆవగింజంత కొలతే, ఒకదాని పక్కన ఒకటి వరసగా నిలబడి, గోదారిని దాటేస్తోంది. జనమంతా కూడా మూటలు దింపి, ఏదో మొదటిసారి చూస్తున్నట్టు ఏటి వంక చూశారు.

"గుగ్గిలానికి వేరే నిచ్చెన కావాలా?" అంది చుక్కమ్మ.

అబ్బులు నిచ్చెన మెట్లు మళ్ళీ వేలితో లెక్కపెట్టాడు. "అక్కర్లేదక్కా! మీటరు నిలబడ్డ మెట్టు మీదే గ్రామునీ, లీటరునీ నిలబెట్టు. కిలో నుంచి గ్రాముకి మూడు మెట్లు, లీటరు నుంచి మిల్లీలీటరుకి మూడు మెట్లు. పొడవుకీ బరువుకీ నూనెకీ ఒక్కటే నిచ్చెన!" అన్నాడు. గుళ్ళో గంట కొట్టినవాడిలా ఉన్నాడు.

అంటే గుగ్గిలం అయిదు కిలోలంటే అయిదు వేల గ్రాములు. నూనె పది లీటర్లంటే పది వేల మిల్లీలీటర్లు. అబ్బులు పరుగున పడవెక్కాడు.

పాలెంలో ఇల్లిల్లూ కదిలింది. ఒకరు దోసెడు గుగ్గిలం తెచ్చారు, ఒకరు చెంబుడు నూనె తెచ్చారు. రేవులో ఊరికే పడి ఉన్న ఆ మూడు వందల మీటర్ల దుంగ ఇప్పుడు అక్కరకొచ్చింది. పాపాయమ్మ దాన్ని కోయిస్తూ నిలబడి అరిచింది, "ముక్క మూడు వందల మిల్లీమీటర్లు! ఇంటిపేరు మరిచారో, అన్నం పెట్టను!" చక్రాలన్నీ ఒక్కసారి తిరిగాయి. ముక్క చివర ముక్కు, పక్క ముక్క చివర దానికి సరిపడే గొయ్యి. పది ముక్కలు బిగించి లక్క పోశారు. చివర రెక్క కడితే సరిగ్గా మూడు వేల మిల్లీమీటర్లు. అలా రెండు తెడ్లు. ఎండలో ఎర్రగా, పెళ్ళి పల్లకీ బొంగుల్లా మెరిశాయి.

అన్నీ లంకకి చేర్చారు. గుగ్గిలం పూత ఆరుతుండగానే ఎర్రనీళ్ళు వచ్చేశాయి. లంకలో వీధులు వీధులు కావు, కాలవలు. ఊరంతా నావెక్కింది. అబ్బులు కూడా ఎక్కాడు, తెడ్లు కుదిరాయో లేదో చూడాలిగా మరి. చుక్కమ్మ చుక్కాని పట్టింది. బలమైనవాళ్ళు తెడ్లు వేశారు. నావ నీళ్ళ మీద లేచింది, ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు.

ఎర్రటి గోదారి, నల్లటి ఆకాశం, మధ్యలో ఆ నావ. పిల్లలు కూడా ఏడవడం మరిచిపోయి చూశారట.

పాలెం గట్టు దగ్గరకొచ్చింది. ఇంకో నాలుగు మీటర్లు. అక్కడ ఆగిపోయింది. రేవు రాళ్ళు నీళ్ళ కింద ఉన్నాయి, ఇంకా ముందుకి తోస్తే నావ అడుగు పగిలిపోతుంది. తెడ్లు వదిలితే ప్రవాహం లాక్కుపోతుంది. కట్టు తాడు ఒడ్డుకి చేరాలి. అదేమో తడిసి తొడంత లావైంది, విసిరితే పక్కనే పడుతోంది. ఆ వడిలో ఈత సాగదు. కాలు నేలకి ఆనించి నడిచి వెళ్ళగల పొడుగు మనిషి కావాలి. లంకలో పొడుగువాళ్ళంతా తెడ్లకే అతుక్కుని ఉన్నారు.

చుక్కమ్మ గెడ వేసి లోతు చూసింది. "నూట ముప్ఫై సెంటీమీటర్లు!" అని అరిచింది. ఒక మెట్టు దిగితే ఎంత? ఒక పూస చేర్చు. పదమూడు వందల మిల్లీమీటర్లు. అంతే, నావలో ఉన్నవాళ్ళంతా గబగబా లెక్క కట్టి, అబ్బులు వైపు తిరిగారు.

"తమ్ముడూ! నీ ఎత్తు పదహారు వందల మిల్లీమీటర్లు కదా! మూడు వందలు నీళ్ళపైనే ఉంటాయి. ముక్కుకి కూడా నీళ్ళు తగలవు. దిగు!"

అబ్బులు కదల్లేదు. నీళ్ళ వంక చూశాడు. ఒడ్డు మీద పాపాయమ్మ వంక చూశాడు. నావలో చంటిపిల్లని పొదువుకున్న ఒక తల్లి వంక చూశాడు. తెడ్లు వేసేవాళ్ళు అలిసిపోతున్నారు.

అప్పుడు రెండు చేతులూ ఎత్తి, తలపాగా విప్పడం మొదలుపెట్టాడు.

అది విప్పుతుంటే వస్తూనే ఉంది, వస్తూనే ఉంది, ఆ రోజు దుంగ వచ్చినట్టే. "అయిదు వేలు!" అన్నాడు. "ఇంటిపేరు?" అని నావంతా అరిచింది. "మిల్లీమీటర్లు! అంటే అయిదు మీటర్లు. ఒడ్డు నాలుగే!" ఒక కొసకి పూసల మూట బరువుగా కట్టాడు, రెండో కొసని కట్టు తాడుకి ముడేశాడు, బలమంతా పెట్టి విసిరాడు. పూసలు గాల్లో గలగలలాడాయి. ఒడ్డు మీద పాపాయమ్మ ఎగిరి అందుకుంది. ఆమె గుడ్డ లాగింది, గుడ్డ వెనకే తాడు వచ్చింది, ఊరు ఊరంతా తాడు పట్టింది. దుంగలతో బల్లకట్టు వేశారు. దాని మీద నుంచి ఒక్కొక్కరూ నడిచి గట్టెక్కారు. తల్లి చంకలో చంటిపిల్ల కూడా, ఎవరిదో మేకపిల్ల కూడా.

అందరూ దిగాక చూస్తే, మధ్యలో అబ్బులు ఉన్నాడు. తలపాగా లేదు. చుక్కమ్మ ముందు పనసకాయ పక్కన రేగుపండులా నిలబడ్డాడు.

"తమ్ముడూ," అంది చుక్కమ్మ, నవ్వు ఆపుకుంటూ. "ఇంతకీ నీ ఎత్తు ఎంత?"

అబ్బులు కాలి బొటనవేలితో నేల గీశాడు. "పద్నాలుగు వందలు."

"ఇంటిపేరు?"

"మిల్లీమీటర్లు."

"మరి మిగతా రెండు వందలు?"

"తలపాగా."

"అది నాకు పెళ్ళిచూపులనాడే తెలుసు మావా," అంది పాపాయమ్మ. "మా గుమ్మం ఎత్తు కొలిచినదాన్ని, నిన్ను కొలవనా?"

గట్టు గట్టంతా నవ్వింది. అబ్బులు చెవులు గోదారికంటే ఎర్రబడ్డాయి. నవ్వులు ఆగేదాకా ఉండి, అందరూ దగ్గరకి రండన్నట్టు చెయ్యి ఊపాడు. వచ్చారు. అప్పుడు చిన్న గొంతుతో, అసలు సంగతి చెప్పేశాడు.

"పద్నాలుగు వందలు కూడా కాదు. పదమూడు వందల తొంభై ఎనిమిది. ఆ మిగిలిన రెండూ... జుట్టు."

మెట్టు దిగితే పూస చేరు,
మెట్టు ఎక్కితే పూస జారు,
పూసలెన్ని మారుతున్నా
పొడుగు మాత్రం మారనే మారదు!
కథ పోయే కంచి దూరం కిలోమీటర్లు కొన్ని వందలు,
మనం పోయే దిండు దూరం సెంటీమీటర్లు కొన్ని పదులు!